కిడ్నీ జబ్బు ఉన్న నాన్నకు పాత వెండి సిమెంట్ తీయించాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలం. నాన్నకు 58 ఏళ్లు. రెండేళ్లుగా కిడ్నీ జబ్బు, పోయిన నెల క్రియాటినిన్ 2.6 వచ్చింది. బీపీకి టెల్మిసార్టాన్, వాపులకు నీరు దిగే మాత్ర వాడుతున్నారు. డయాలసిస్ దాకా రాలేదు. చాలా ఏళ్ల కిందట కింది దవడ పళ్లు రెండింటికి వెండి సిమెంట్ పెట్టించుకున్నారు. వారం కిందట అన్నం తింటుంటే ఒకదాని అంచు విరిగి, ఆ ముక్క కడుపులోకి వెళ్లిపోయింది. నోరంతా ఇనుము నాకినట్టుందని అంటున్నారు. అందులో పాదరసం ఉంటుందని, కిడ్నీలు దానివల్లే పోయాయని, రెండూ తీయించి తెల్ల సిమెంట్ పెట్టించమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. నొప్పికి ఊళ్లో ఇంజెక్షన్ చేయించాం, మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వేస్తున్నాం. నాకిప్పుడు ఐదో నెల. నాకూ ఒక పన్ను పుచ్చింది. కాన్పయ్యాక చూపించుకోవచ్చా?

సమాధానం: అమ్మా, సిమెంట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మాత్రల స్ట్రిప్ తిరగేసి వెనక ఉన్న సన్న అక్షరాలు చదవండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్, కెటొరొలాక్, పైరాక్సికామ్, నాప్రాక్సెన్. వీటిలో ఏ పేరు కనబడినా ఈ పూట నుంచే మానిపించండి. షాపతను "ఇది ఉత్త పారాసెటమాలే" అన్నా చదవండి. పంటినొప్పికని ఇచ్చే మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్‌తో పాటు ఎసిక్లోఫెనాకో డైక్లోఫెనాకో కలిపి ఉంటుంది, పైన పెద్దక్షరాల పేరు చూస్తే ఆ సంగతి తెలియదు. ఊళ్లో చేసిన ఇంజెక్షన్ పేరు కూడా అడిగి రాసుకోండి. నొప్పికని వేసే సూది చాలాసార్లు డైక్లోఫెనాకే అయి ఉంటుంది.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మీరు రాసినదాంట్లో నాన్న కిడ్నీలకు ఇప్పటికిప్పుడు చేటు చేయగలిగినది ఆ మాత్రే. 58 ఏళ్ల మగవారికి క్రియాటినిన్ 2.6 అంటే కిడ్నీల వడపోత నిమిషానికి సుమారు 28 మిల్లీలీటర్లకు దిగిందని లెక్క. ఆరోగ్యంగా ఉన్నవారిలో అది 90కి పైన ఉంటుంది. మిగిలిన ఆ కాస్త వడపోత సాగాలంటే కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్న నాళాలు బాగా తెరుచుకుని ఉండాలి. వాటిని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు. ఈ నొప్పి మాత్రలు వాటినే తయారు కానివ్వవు. అప్పటికే టెల్మిసార్టాన్ బయటికి వెళ్లే నాళాన్ని వదులు చేసి ఉంటుంది, నీటి మాత్ర ఒంట్లో నీటిని తగ్గించి ఉంటుంది. మూడూ కలిస్తే వడపోతకు కావలసిన ఒత్తిడే నిలవదు. ఎండలో కొబ్బరి తోట పని చేసి, చెమట కారి, నీళ్లు సరిగ్గా తాగని రోజున ఇది మరీ ప్రమాదం. అలాగని బీపీ మాత్రను మీ అంతట మీరు ఆపొద్దు. ఆపవలసింది నొప్పి మాత్ర ఒక్కటే.

ఎన్ని రోజులు, రోజుకెన్ని వేశారో లెక్క రాసుకుని, ఈ వారంలోనే క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించి కిడ్నీ డాక్టరుకు చూపించండి. మూత్రం తగ్గినా, ముఖం ఉబ్బినా, పడుకుంటే ఆయాసం వచ్చినా పరీక్షల కోసం ఆగకుండా అదే రోజు పలాస కిడ్నీ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నొప్పికి పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర, ఏమీ కలపనిది, ఆరు గంటలకు ఒకటి చొప్పున, రోజుకు నాలుగు మించకుండా వేయవచ్చు. జ్వరానికో జలుబుకో వేసే వేరే మాత్రలోనూ పారాసెటమాల్ ఉంటుంది కాబట్టి రెండూ కలిపి లెక్కపెట్టండి. లవంగనూనె వాడాలంటే చిన్న దూది ఉండను తడిపి, పిండేసి, పుచ్చు లోపలే ఉంచి పది నిమిషాల్లో తీసేయండి. సీసాతో పోస్తే చిగురు, బుగ్గ లోపలి చర్మం తెల్లగా కాలిపోతాయి.

ఇక మింగిన ముక్క. దాని గురించి బెంగ వద్దు. గట్టిపడిన వెండి సిమెంట్‌ను పేగులు దాదాపు పీల్చుకోవు. రెండు మూడు రోజుల్లో మలంలో పోతుంది, వారమైంది కాబట్టి ఈపాటికి పోయే ఉంటుంది. తింటున్నప్పుడు పొలమారి, ఆ తర్వాత దగ్గు ఆగకుండా పట్టుకుంటేనే ఆలోచించాలి. ముక్క ఊపిరితిత్తుల దారిలోకి వెళ్లిందేమో ఛాతీ ఎక్స్‌రే తీయించాలి.

ఇనుము రుచికి కూడా సిమెంట్‌నే నిందించకండి. కిడ్నీలు సరిగ్గా వడపోయనప్పుడు యూరియా లాలాజలంలోకి వస్తుంది, నోట్లోని సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. కిడ్నీ రోగుల్లో నోరు లోహంలా ఉండటం, పొద్దున్నే అమ్మోనియా వాసన రావడం, అన్నం సహించకపోవడం దీనివల్లే ఎక్కువ. ఈ రుచి కొత్తగా పెరిగితే సిమెంట్ కన్నా ముందు రక్తంలో యూరియా చూడాలి. ఇది కూడా డాక్టరుకు చెప్పవలసిన మాటే.

ఇప్పుడు పాదరసం సంగతి. వెండి సిమెంట్ అని మనం పిలిచే అమాల్గంలో బరువులో ఇంచుమించు సగం పాదరసమే. మిగతాది వెండి, తగరం, రాగి పొడి. రెండూ కలిసి గట్టిపడ్డాక పాదరసం ఆ లోహంలో బంధించి ఉంటుంది కానీ నమిలినప్పుడు, నిద్రలో పళ్లు కొరికినప్పుడు, వేడివేడిగా తాగినప్పుడు చాలా కొద్దిగా ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి ఊపిరితిత్తుల ద్వారా రక్తంలో చేరి, చివరికి ఎక్కువగా పేరుకునేది కిడ్నీల్లోనే. మీవాళ్ల భయానికి మూలం ఇదే, అది ఊరికే పుట్టిన భయం కాదు. అయితే అక్కడి నుంచి "కిడ్నీలు దానివల్లే పోయాయి" అనేదాకా వెళ్లడం సరికాదు. రెండు పళ్లలోని సిమెంట్ నుంచి వచ్చే మోతాదు కిడ్నీలను ఈ స్థితికి తెచ్చేంతది కాదు. జన్మలో పళ్ల డాక్టరు ముఖం చూడని తోట కూలీలను కూడా మన ఉద్దానంలో ఎందరికో వచ్చే ఈ కిడ్నీ జబ్బు పట్టుకుంది.

అమెరికాలో మందులు, వైద్య పరికరాలను అదుపు చేసే ఎఫ్‌డీఏ 2020 సెప్టెంబరులో దీనిపై రెండు మాటలు చెప్పింది. రెండూ కలిపి చదవాలి. కిడ్నీ పనితీరు తగ్గినవారికి, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పిల్లలకు, ముఖ్యంగా ఆరేళ్ల లోపువారికి, నరాల జబ్బులు ఉన్నవారికి, పాదరసం పడనివారికి కొత్తగా అమాల్గం పెట్టకుండా ఉండటం మంచిదన్నది మొదటిది. ఇప్పటికే ఉండి చెక్కుచెదరనిదాన్ని వైద్య అవసరం లేకుండా తీయించవద్దన్నది రెండోది. ఊళ్లో ప్రచారమయ్యేది మొదటి మాట ఒక్కటే. రెండో మాట ఎందుకంటే, అమాల్గం నుంచి ఎక్కువ ఆవిరి వచ్చేది అది నోట్లో కూర్చున్నప్పుడు కాదు, డ్రిల్లుతో దాన్ని అరగదీసేటప్పుడు. బాగున్నదాన్ని తీయిస్తే, మామూలుగా చుక్క చుక్కగా వచ్చే ఆవిరిని ఆ పూట ఎక్కువగా పీల్చినట్టవుతుంది. పైగా దాని చుట్టూ ఉన్న మంచి పన్ను కూడా కొంత తరిగిపోతుంది.

కాబట్టి నాన్నకు బాగున్న రెండో పన్ను జోలికి వెళ్లకండి. అంచుల్లో సూది దిగే సందు లేకపోతే, చుట్టూ నల్లగా పుచ్చు పాకకపోతే అలాగే ఉండనివ్వండి. విరిగినదాన్ని మాత్రం బాగుచేయించాలి. విరిగిన అంచు దగ్గర పుచ్చు చేరి నరం దాకా పోతే చీము పడుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఆ ఇన్‌ఫెక్షన్ కూడా భారమే.

దాన్ని తీసే పద్ధతి డాక్టరును ముందే అడగండి, తప్పు లేదు. సిమెంట్‌ను పొడి అయ్యేలా అరగదీయకూడదు. డ్రిల్లుకు తగిలించే సన్న మొన (బర్)తో అడ్డంగా నిలువుగా గీత కోసి, రెండు మూడు పెద్ద ముక్కలుగా లేపేయాలి. డ్రిల్లు మీద నీళ్లు ధారగా పడుతూనే ఉండాలి, ఎందుకంటే పొడిగా కోస్తే లోహం వేడెక్కి ఆవిరి పెరుగుతుంది. ఉమ్ము లాగే సన్న గొట్టం దీనికి చాలదు. వేలంత లావున్న, బలంగా లాగే సక్షన్ పంటి పక్కనే పట్టుకోవాలి. పంటి చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే పలచని రబ్బరు తెర బిగిస్తే ముక్కలు గొంతులోకి పోవు. గది కిటికీలు తెరిచి ఉండాలి. ఇన్నీ పాటిస్తే ఒక పంటి పని నాన్నకు భయపడవలసినది కాదు.

తర్వాత ఏం పెట్టించాలి? అమాల్గం వద్దని స్పష్టంగా చెప్పండి. ఇంకో సంగతి. ఇప్పటికీ ఎక్కడైనా సీసాలోని పాదరసాన్ని పొడితో నూరి, గుడ్డలో పిండి పెట్టడం కనిపిస్తే ఆ కుర్చీ మీద కూర్చోకండి. పాదరసం వాడకం తగ్గించడానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందంలో మన దేశం 2018లో చేరింది. 2022లో దానికి చేసిన సవరణ విడి పాదరసాన్ని పళ్ల డాక్టర్లు వాడకూడదంది. పాలపళ్లకు, 15 ఏళ్ల లోపువారికి, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తప్పనిసరైతే తప్ప అమాల్గం పెట్టవద్దని కూడా చెప్పింది. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2025 జనవరి నుంచి దీని వాడకం దాదాపు ఆగిపోయింది.

తెల్ల సిమెంట్ అని జనం పిలిచేవి నిజానికి రెండు వేర్వేరు పదార్థాలు. ఒకటి గ్లాస్ అయోనమర్, డాక్టర్లు జీఐసీ అంటారు. గాజు పొడిని పుల్లటి ద్రవంతో కలిపి పెడతారు. పంటికి తనంతట తాను అతుక్కుంటుంది, కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ వదులుతుంది, చిగురు అంచున కాస్త తేమ ఉన్నా పట్టు నిలుస్తుంది. బలం తక్కువ కాబట్టి నమిలే పంటి మీద పెద్ద గుంటకు అదొక్కటే పెడితే అరిగిపోతుంది. రెండోది కాంపోజిట్. ఇది రెసిన్, నీలి లైటు కింద గట్టిపడుతుంది. బలంగా ఉంటుంది, పంటి రంగులో కలిసిపోతుంది కానీ తేమ అంటే అసలు పడదు.

జీఐసీ పాడయ్యేది ఎక్కువగా కలపడంలోనే. కంపెనీ ఇచ్చిన చెంచాతో పొడి కొలిచి, సీసాను నిటారుగా పట్టుకుని ద్రవం చుక్క వేసి, అర నిమిషంలో కలిపేయాలి. ముద్ద పైన నూనె రాసినట్టు మెరుస్తున్నప్పుడే గుంటలో పెట్టాలి. మెరుపు పోయాక పెడితే పంటికి అతకదు, కొన్నాళ్లకు మొత్తం ఊడి చేతికొస్తుంది. పొడి పొదుపు చేసి పలచగా కలిపితే ఏడాది తిరక్కుండా కరిగిపోతుంది. పెట్టాక పైన వార్నిష్‌గానీ వాజెలిన్‌గానీ రాయాలి. రాయకపోతే ఉమ్ము తగిలి పైపొర కొట్టుకుపోతుంది, గాలికి ఆరితే పగుళ్లిస్తుంది. గంటసేపు ఏమీ తినకుండా, ఆ రోజంతా రెండో వైపు నమలాలి.

కాంపోజిట్‌కు ముందు 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్ 15 సెకన్లు రాసి, కడిగి, బాండ్ అనే అతికించే ద్రవం పూసి లైటు వేస్తారు. ఆ తర్వాత పదార్థాన్ని రెండు మిల్లీమీటర్ల పొరలుగా పెడుతూ ఒక్కో పొరకు ఇరవై సెకన్లకు తగ్గకుండా లైటు చూపిస్తారు. పెద్ద గుంటను ఒకేసారి నింపి పైన ఒక్కసారి లైటు వేస్తే అడుగు పొర పచ్చిగానే మిగిలిపోతుంది. పైకి రాయిలా ఉన్నా లోపల మెత్తగా ఉండి, కొన్నాళ్లకు దాని కింద పుచ్చు పాకుతుంది, చల్లనీళ్లు జివ్వుమంటాయి. ప్రతి పొరకూ లైటు కొనను పంటికి ఆనించినట్టు పట్టుకుంటున్నారా లేదా అన్నది పక్కన నిలబడినవారికీ కనబడుతుంది. మీరు పక్కనుంటే ఆ నీలి వెలుగును నేరుగా చూడకండి, నారింజ రంగు అడ్డు పెట్టుకోవాలి. రెసిన్‌లో బీపీఏ అనే ప్లాస్టిక్ రసాయనం ఛాయలు ఉంటాయని కొందరు భయపెడతారు. అది చాలా స్వల్పం, అదీ పెట్టిన మొదటి గంటల్లోనే. పైన గట్టిపడని జిగట పొరను దూదితో తుడిచి, అర నిమిషం పుక్కిలించి ఉమ్మిస్తే చాలావరకు పోతుంది.

నాన్న పన్ను అంచు చిగురు దాకా విరిగి ఉంటే, అడుగున జీఐసీ, పైన కాంపోజిట్ పెట్టే పద్ధతి బాగా సరిపోతుంది. చిగురు దగ్గర తేమకు జీఐసీ తట్టుకుంటుంది, నమిలే ఒత్తిడిని కాంపోజిట్ మోస్తుంది. పంటి గోడ రెండు మిల్లీమీటర్ల కన్నా పలచగా మిగిలితే ఏ సిమెంటూ ఆగదు, క్యాప్ వేయించాలి. పని అయ్యాక నీలి కాగితం కొరికించి ఎత్తు చూస్తారు. అప్పటికి దవడ తిమ్మిరిగా ఉంటుంది కాబట్టి ఎత్తు ఉన్నా తెలియదు. మర్నాడు ముందు ఆ పన్నే తగులుతోందనిపిస్తే ఓర్చుకోకుండా వెనక్కి వెళ్లి రుద్దించుకోవాలి. చల్లదనానికి వారం పది రోజులు జివ్వుమంటే ఫరవాలేదు. వేడికి నొప్పి మొదలై నిమిషాల తరబడి ఉంటే, రాత్రిళ్లు నిద్ర లేపుతుంటే నరం దెబ్బతిన్నట్టే.

కుర్చీలో కూర్చునే ముందు ఒక కాగితం మీద నాన్న క్రియాటినిన్, పరీక్ష తేదీ, వాడే మాత్రల పేర్లు రాసి డాక్టరు చేతికివ్వండి. నోటితో చెబితే హడావుడిలో మరిచిపోతారు. బీపీ చూడమని అడగండి. 180/110 దాటితే ఆ రోజు పని మానుకోవాలి. తిమ్మిరి ఇంజెక్షన్ లిగ్నొకైన్‌తో కిడ్నీకి ఇబ్బంది లేదు. అందులో కలిపే అడ్రినలిన్‌ను బీపీ ఉన్నవారికి 0.04 మిల్లీగ్రాములు దాటనివ్వరు, అంటే 1:80,000 మందు సుమారు మూడు మిల్లీలీటర్లు. మన దగ్గర ఈ మందు ఎక్కువగా 30 మిల్లీలీటర్ల సీసాలో వస్తుంది, ఒకే సీసా చాలామందికి వాడతారు. ఇక్కడే ఒక్కటి కళ్లారా చూడండి. తిమ్మిరి చాలక రెండోసారి మందు కావలసి వస్తే, నోట్లో పెట్టిన సూదినీ సిరంజినీ మళ్లీ ఆ సీసాలో గుచ్చకూడదు. గుచ్చితే ఒకరి రక్తం ఆ సీసాలోకి, అక్కడి నుంచి తర్వాతి రోగికి వెళుతుంది. హెపటైటిస్ బి, సి పాకే దారుల్లో ఇదొకటి. రేపు డయాలసిస్ అవసరం పడవచ్చని తెలిసిన మనిషికి ఆ రెండూ అంటకుండా చూసుకోవడం ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు.

పరికరాలను నీళ్లలో మరిగించడం స్టెరిలైజ్ చేయడం కాదు. నీలి వెలుగు కనిపించే యూవీ పెట్టె శుభ్రం చేసినవి దాచుకోవడానికే పనికొస్తుంది. కావలసింది ఆటోక్లేవ్, అంటే ఒత్తిడితో కూడిన వేడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపే యంత్రం. పౌచ్‌లో, అంటే సీలు వేసిన సంచిలో పెట్టిన పరికరాలకు 121 డిగ్రీల దగ్గర అరగంట పడుతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి వేయాలి. పౌచ్ మీ ముందే చించాలి, దాని మీది గుర్తు రంగు మారి ఉండాలి, లోపల తడి ఉండకూడదు. అద్దం, ప్రోబ్‌లే కాదు, డ్రిల్లు పట్టుకునే హ్యాండ్‌పీస్ కూడా ప్రతి రోగికీ ఆటోక్లేవ్ చేసినదే కావాలి. చాలాచోట్ల స్పిరిట్‌తో తుడిచి వదిలేసేది దాన్నే.

ఒకవేళ చీము పట్టి యాంటీబయాటిక్ అవసరమైతే, నాన్న వడపోత 30కి లోపు ఉంది కాబట్టి అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఒక గ్రాము మాత్ర వేయకూడదు. మామూలు అమాక్సిసిలిన్‌కైనా రెండు మోతాదుల మధ్య వ్యవధి పెంచాలి. జెంటామైసిన్, అమికాసిన్ సూదులు పంటి చీముకు వద్దని చెప్పండి. చీము బయటికి పోయే దారి చేయకుండా మాత్రలతోనే నెట్టుకొస్తే నొప్పి తిరిగి వస్తూనే ఉంటుంది.

మీ పన్ను సంగతి. కాన్పు దాకా ఆగొద్దమ్మా. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా పళ్ల పనికి అనువైన కాలం, మీరు అందులోనే ఉన్నారు. తర్వాత పొట్ట బరువుకు కుర్చీలో పడుకోవడం కష్టమవుతుంది, కాన్పయ్యాక పసిబిడ్డతో కుదరదు. ఈలోగా నరం దాకా పోతే నొప్పి మాత్రలు వాడలేని పరిస్థితిలో పట్టుకుంటుంది. ఐదో నెల దాటాక ఇందాకటి నొప్పి మాత్రలు బిడ్డ కిడ్నీలకూ చేటే. పారాసెటమాల్ మాత్రమే వేసుకోండి. యాంటీబయాటిక్‌లలో డాక్సీసైక్లిన్ వద్దు. జీఐసీ పెట్టించుకుంటే సరిపోతుంది. పాత వెండి సిమెంట్ ఏదైనా ఉంటే ఈ నెలల్లో కదపొద్దు. అవసరమైతే ఒక పంటి ఎక్స్‌రే సీసపు ఏప్రాన్ కప్పి తీయవచ్చు. వెల్లకిలా పడుకుంటే కడుపులోని బరువు పెద్ద రక్తనాళాన్ని నొక్కి కళ్లు తిరుగుతాయి. అందుకని కుడి నడుము కింద మడిచిన తువ్వాలు పెట్టించుకుని కాస్త ఎడమకు ఒరగండి.

నాన్నను తీసుకెళ్లిన రోజే ఇంట్లో పెద్దావిడ ఎవరైనా చుట్ట అడ్డపొగ తాగే అలవాటున్నవారుంటే వెంట తీసుకెళ్లి అంగిలి చూపించండి. నిప్పు లోపల పెట్టి తాగినందుకు అంగిలి తెల్లగా మారి, క్యాన్సర్ నొప్పి లేకుండా మొదలు కావచ్చు.

సంతల్లో, బస్టాండు పక్కన పళ్లు కట్టేవారి దగ్గరకు మాత్రం ఎవరినీ పంపకండి. పొడిలో ఘాటు ద్రవం కలిపి నేరుగా పంటి మీద అద్దే ఆ ప్లాస్టిక్ చిగురును కాలుస్తుంది, కింద చీము పడుతుంది. గేటు మీద బీడీఎస్ అని ఉంటే చాలదు, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగవచ్చు.

పని అయ్యాక ఏ పంటికి ఏ పదార్థం పెట్టారో, కంపెనీ, బ్యాచ్ నంబరు, గడువు తేదీ మీ చీటీ మీద రాయించుకోండి. పదార్థం పడక పెదవులు వాచినా, నోరు పుండ్లు పడినా ఆ చీటీతో మందులు, వైద్య పరికరాల దుష్ప్రభావాలు నమోదు చేసే జాతీయ ఉచిత నంబరు 1800-180-3024కు చెప్పవచ్చు.